నిందకు వంతు

విశ్వవిద్యాలయం, మూడో అంతస్తు
మార్చి మొదటివారం

వదినా,

ముందు శుభవార్త. నా వ్యాసం ఆ పెద్ద పత్రిక వాళ్ళకు నచ్చింది. మానవశాస్త్రం చదివేవాళ్ళంతా కళ్ళకద్దుకునే పత్రిక అది. అందులో ఒక్క వ్యాసం పడితే నా ఉద్యోగం పర్మనెంటు. పడకపోతే ఏడాది చివర ఈ గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి పోవలసిందే. నాతోపాటు చేరినావిడ అలాగే పోయింది. వెళ్తూ వెళ్తూ తన కుర్చీలో దిండు నాకిచ్చింది. ఇప్పుడు దాని మీదే కూర్చుని రాస్తున్నాను.

అయితే ఒక మెలిక ఉంది. అచ్చు వేసే ముందు ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు పెద్దలకు పంపిస్తారు. వాళ్ళెవరో మనకు చెప్పరు. వాళ్ళలో ఒకరు ఇలా రాశారు: "ఆసుపత్రి లాండ్రీలో ఆడవాళ్ళ పని గురించి బాగా వర్ణించారు. కానీ కొత్త సంగతేమిటి? ఏడాదిలో మూడు మెమోలు పడితే ఇంటికి పంపే చోట, ఇన్నేళ్ళుగా ఒక్కరినీ ఎందుకు పంపలేదు? దానికి జవాబు లేదు."

జవాబు నాకు తెలుసు. నేను మీ ఇంట్లో ఉండి మీతోపాటు పనికి వచ్చిన రోజుల్లో, ఒక ఆదివారం అన్నయ్య చొక్కాలు మడతపెడుతూ నువ్వే చెప్పావు. గౌను కాలినా, దుప్పటి మీద మరక మిగిలినా, సూపర్వైజరు వచ్చి "ఎవరి పని ఇది?" అంటే, చేసినవాళ్ళు నోరెత్తరు. ఆ వారం వంతు ఎవరిదో వాళ్ళే "నాదేనండీ" అని తల వంచుకుంటారు. అందుకే మెమోలు అందరికీ సమానంగా పడతాయి, ఏ ఒక్కరి మీదా మూడు పేరుకోవు.

వదినా, ఇది రాయనా? పేర్లన్నీ మారుస్తాను. ఆసుపత్రి అని కూడా అనను, "ఒక పెద్ద సంస్థ" అంటాను. నువ్వు సరే అంటేనే రాస్తాను. ఫోనులో కాదు, ఉత్తరమే రాయి. ఫోను తీస్తే అన్నయ్యే సగం మాట్లాడేస్తాడు.

నీ
ఆడపడుచు


లాండ్రీ, భోజనాల బల్ల
మార్చి

మా ఇంటి పండితురాలికి,

నీ ఉత్తరం చూసి మురిసిపోయాను. మీ అన్నయ్యకు చెబితే మందుల షాపుకు వచ్చినవాళ్ళందరికీ చెప్పాడట. జ్వరం మాత్రలకు వచ్చినాయన కూడా నిన్ను ఆశీర్వదించి వెళ్ళాడు.

ఇక నువ్వు అడిగినదానికి. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు తల్లీ! అసలు మొగుడికే ఎదురు చెప్పలేనిదాన్ని, అర్ధమొగుడిని కాదంటానా? రాసెయ్. అలాగే నా ఫొటో కూడా ఒకటి వేయించు, పెద్దది. సూపర్వైజరు దాన్ని గోడకు తగిలించుకుని పొద్దునా సాయంత్రం దణ్ణం పెట్టుకుంటాడు. మాకు సన్మానం చేసి శాలువా కప్పుతారు కాబోలు, కాస్త మంచి రంగు చూసి చెప్పు. మరక పడితే మేమే ఉతుక్కోవాలి కదా!

ఇక్కడ అందరూ కులాసా. ఆవిరి మిషను మళ్ళీ మొరాయించింది. ఆవిరి అక్క దాన్ని మొగుణ్ణి తిట్టినట్టు తిట్టి దారిలోకి తెచ్చింది. బొత్తాల పిన్ని నిన్ను అడిగింది. "పిల్ల పుస్తకంలో నా మోకాళ్ళ నొప్పి గురించి రాసిందా లేదా?" అంటోంది. పింఛను దగ్గరపడుతోంది కదా, ఇప్పటినుంచే గుమ్మంలో పెట్టుకోవడానికి పూలకుండీలు చూసుకుంటోంది.

అక్కడ ఇంకా చలి ఉందని విన్నాను. చెవులకు గుడ్డ కట్టుకో.

వదిన


విశ్వవిద్యాలయం
ఆగస్టు

వదినా,

అచ్చయింది! నా పేరు అంత నల్లగా, అంత స్పష్టంగా ఎప్పుడూ చూసుకోలేదు. మా ప్రొఫెసరుగారు నడవాలో నిలబెట్టి అందరి ముందూ చెయ్యి కలిపారు. "ఈ శాఖలో పదేళ్ళుగా ఇలాంటిది రాలేదు" అన్నారు. ఆ నింద వంతు గురించిన భాగమే అందరికీ నచ్చింది. పర్మనెంటు కాగితం వచ్చే నెలలో ఇస్తారట.

నీకో ప్రతి పంపుతున్నాను. ఇంగ్లీషులో ఉంటుంది, అన్నయ్య చేత చదివించుకో. మందు సీసాల మీద చీమతలకాయంత అక్షరాలు చదివే కళ్ళు ఆయనవి.

ఇదంతా నీ చలవే.

నీ
ఆడపడుచు


లాండ్రీ
సెప్టెంబరు

అమ్మాయికి,

నిన్న ఆసుపత్రి సూపరింటెండెంటు మమ్మల్నందరినీ పై గదికి పిలిపించాడు. బల్ల మీద నీ పత్రిక ఉంది. ఒక గుమాస్తా నీ రాతను మా భాషలోకి మార్చి చదువుతూ ఉంటే మేము గోడ పక్కన వరసగా నిలబడి విన్నాం. "ఒక పెద్ద సంస్థ" అన్నావు కానీ, ఆవిరి మిషను, బొత్తాల మూల, కిటికీ కింద తడి మెట్లు అన్నీ అలాగే ఉన్నాయి. గుమాస్తా చదువుతుంటే నాకే కళ్ళకు కట్టింది.

మొత్తం విన్నాక ఆయన, "ఇన్నాళ్ళూ నాకు అబద్ధం చెప్పారన్నమాట. సరే. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పింది ఎవరు?" అంటూ నా వైపే చూశాడు, నీ వదినని తెలుసు కదా.

ఈ వారం వంతు బొత్తాల పిన్నిది.

"నేనేనండీ" అంది. అడిగీ అడగకముందే అంది. అలవాటైన మాట కదా, వచ్చేసింది. మెమో ఇస్తారనుకున్నాం. మెమో కాదు, అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. తప్పు తేలితే పింఛను కూడా ఉండదట. ఆవిడ కత్తెర, దారపుండలు సంచిలో వేసుకుని మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పి కదా, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగింది.

నీకు చెప్పింది నేను. నేనక్కడే ఉన్నాను. వంతు నాది కాదు కదా అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను.

ఆ పత్రిక ఆయన చేతికి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. నీ పొడ గిట్టనివాళ్ళెవరో పంపి ఉంటారని ఆవిరి అక్క అంటోంది.

వదిన


విశ్వవిద్యాలయం
సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరం అందింది. పిన్నికి ఇలా అవుతుందని కల్లో కూడా అనుకోలేదు.

కానీ నేను జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. పేర్లు మార్చాను, ఊరు చెప్పలేదు. ముందు నిన్ను అడిగాను. నువ్వు "రాసెయ్" అన్నావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. నింద పూర్తిగా నా మీదే వేసుకోమంటే ఎలా? మా ప్రొఫెసరుగారి చేత సూపరింటెండెంటుకు ఒక లేఖ రాయిస్తాను. మీరు చేసింది తప్పు కాదనీ, శ్రామికుల్లో ఇలాంటి సంఘీభావం లోకమంతటా ఉన్నదేననీ ఆయన వివరంగా రాస్తారు. చదువుకున్నవాడు కదా, అర్థం చేసుకుంటాడు.

పత్రిక ఆయనకు ఎలా చేరిందో మరి. ఎవరో పంపే ఉంటారు.

నీ
ఆడపడుచు


ఇల్లు, వంటగది
అక్టోబరు

అమ్మాయికి,

మీ ప్రొఫెసరుగారి లేఖ వచ్చిందట. సూపరింటెండెంటు దాన్ని కూడా ఫైల్లో పెట్టాడు. "చూశారా, ఇది నిజమేనని పెద్దమనిషే ఒప్పుకున్నాడు" అన్నాడట. ఇక ఎవరిచేతా ఏమీ రాయించకు.

నువ్వు పంపిన ప్రతిని ఇన్నాళ్ళూ అల్మారా మీద పెట్టాను. మొన్న సెలవు రోజున మీ అన్నయ్య చేత చదివించుకున్నాను. పదకొండో పేజీలో ఒక మాట ఉంది, రెండుసార్లు చదివించుకున్నాను. "ఈ స్త్రీలు వద్దు అనే మాట నోటితో అనరు. పైవాళ్ళతో గానీ, మాట కాదనలేని ఇంటి మనుషులతో గానీ చెప్పాల్సి వస్తే నవ్వులాటలోకి దించుతారు. నవ్వు ఎంత పెద్దదైతే నిరాకరణ అంత గట్టిదని గ్రహించాలి." ఇలాగే రాశావు కదా? మీ అన్నయ్య, "భలే పట్టేసిందే మా చెల్లెలు!" అన్నాడు.

మరి నా ఉత్తరంలో నేనెంత నవ్వానో చూశావా?

ఒక్కసారి కాదు, శాలువా దాకా వెళ్ళాను. నీకంటే బాగా ఆ నవ్వు తెలిసినవాళ్ళు ఎవరున్నారమ్మా? దాని గురించి పుస్తకంలో రాసినదానివి. నిన్ను నొప్పించకూడదని, అత్తగారింటి పిల్లకు ముఖం మీద వద్దని చెప్పకూడదని అలా రాశాను. వద్దు అని రెండక్షరాలు రాస్తే పోయేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఆ తప్పు నాదే, నీ మీద తొయ్యను.

చదవడం అయ్యాక మీ అన్నయ్య, "ఈ వంతు సంగతి నిజమేనా?" అని అడిగాడు. ఏమో అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకే చెప్పని మాట నీకు చెప్పాను.

పిన్ని ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చింది. నేను సంగతి ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, "కప్పులో చక్కెర చాలిందా?" అంది. చెప్పింది నేనేనని ఆవిడకు తెలుసు. ఆవిడ కొడుకు పక్క గదిలోంచి నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. పనిలో కూడా అందరికీ తెలుసు. ఎవరూ ఒక్క మాట అనరు. ఆవిరి అక్క మాత్రం ఇస్త్రీ చేస్తూ ఎటో చూస్తూ, "ఇంటి గుట్టు లంకకు చేటు" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వదిన


విశ్వవిద్యాలయం
అక్టోబరు చివర

వదినా,

ఈ ఉత్తరం మూడోసారి మొదలుపెడుతున్నాను. అంతా చెప్పేస్తాను.

చూశాను. నీ నవ్వు చూశాను. నీ మార్చి ఉత్తరం చదువుతూ మొదట నేనూ పకపకా నవ్వాను. శాలువా దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. వదిన వద్దంటోంది అని తెలిసిపోయింది. పదకొండో పేజీ అప్పటికే రాసి ఉంది, నా బల్ల మీదే ఉంది. ఉత్తరాన్ని సొరుగులో పెట్టేశాను. సాయంత్రం తీసి, "రాసెయ్" అన్న మాట ఒక్కటే మళ్ళీ చదువుకున్నాను. అలా అనేక సాయంత్రాలు చదువుకుంటే అది నిజంగానే సరే అన్నట్టు కనిపించసాగింది. తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోయినావిడ దిండు మీద కూర్చుని ఈ పని చేశాను.

ఇంకొకటి ఉంది.

పత్రికను సూపరింటెండెంటుకు పంపింది నేనే. లాండ్రీలోకి నన్ను రానిచ్చినప్పుడు ఆయన ఒక షరతు పెట్టాడు, అచ్చయ్యాక ఒక ప్రతి ఇవ్వాలని. అలా అడగడం మామూలే. పంపకుండా ఉండవచ్చు, చాలామంది మరిచిపోయినట్టు నటిస్తారు. కనీసం పంపేముందు ఆ భాగం ఆయన చదివితే ఏమవుతుందా అని ఒక నిమిషం ఆలోచించవచ్చు. నేను ఆలోచించలేదు. మంచి కవరు కొని, "మీ సహకారానికి కృతజ్ఞతలతో" అని రాసి సంతకం పెట్టాను. నా పేరు అచ్చులో ఆయన కూడా చూడాలని ఉండింది. ఆ లాండ్రీలో దుప్పట్లు మడిచిన పిల్ల ఎవరో తెలియాలని ఉండింది. అంతే వదినా, అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. పైగా "ఎవరో పంపే ఉంటారు" అని నీకు రాశాను.

పర్మనెంటు కాగితం వచ్చింది. దాన్ని చూస్తే పిన్ని మెట్లు దిగడమే కనిపిస్తోంది. నాకు నా మీదే అసహ్యంగా ఉంది. ఏం చెయ్యమంటావో చెప్పు. ఏది చెబితే అది చేస్తాను.

నీ
ఆడపడుచు


లాండ్రీ, భోజనాల బల్ల
నవంబరు

అమ్మాయికి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. మూడోరోజు అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. నువ్వే పంపావని కూడా చెప్పాను. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

విచారణ వచ్చే నెల. వంతు ఉన్న మాట నిజమని తేలితే పిన్ని పింఛను పోతుంది, మా అందరి పాత మెమోలు బయటికి తీస్తారు, ఎవరు ఎవరి బదులు ఒప్పుకున్నారో చెప్పమంటారు. చెప్పకపోతే అందరం ఇంటికే. వంతు లేనే లేదని తేలితే, పిన్ని చెప్పినదేమీ లేదు. భయంలో నేనేనని అనేసింది, అంతే.

అందుకని అందరం అనుకున్నది ఇది. ఆ వంతు సంగతి నువ్వు కల్పించి రాశానని చెప్పాలి. పత్రికకూ, సూపరింటెండెంటుకూ, ఇద్దరికీ. పొరపాటు పడ్డాను, సరిగా అర్థం కాలేదు అంటే చాలదు, అలా అంటే ఎవరో ఏదో చెప్పారనే అర్థం వస్తుంది. ఎవరూ చెప్పలేదు, నేనే పుట్టించాను, పేరు కోసం పుట్టించాను అని రాయాలి.

అలా రాస్తే నీ ఉద్యోగం ఏమవుతుందో మాకు తెలుసు. ఆవిరి అక్క ఒక మాట చెప్పమంది. నువ్వు మాతో పనిచేసిన రోజుల్లో ఒక ఆపరేషన్ గౌను నీ చేతిలో కాలిందట. నువ్వు చూసుకోలేదు. ఆ వారం వంతు ఆవిడది, ఆ మెమో ఆవిడ తీసుకుంది. మా బల్ల దగ్గర నిలబడ్డావు కనుక నీకూ వంతు ఉంది అంటోంది. ఇది నీ వారం.

నువ్వు చెయ్యని తప్పు ఒప్పుకోవాలి. చేసినదాని గురించి అక్కడ ఎవరూ నిన్ను అడగరు.

ఈసారి నేను నవ్వడం లేదు.

వదిన


విశ్వవిద్యాలయం
డిసెంబరు

వదినా,

రాశాను.

మొదట రాసింది మీరు చెప్పినట్టు కాదు, అది కూడా నీకు చెప్పాలి. "తగినన్ని ఆధారాలు లేకుండా నిర్ధారణకు వచ్చాను" అని రాసి, కవరులో పెట్టి, తపాలా డబ్బా దాకా వెళ్ళాను. అంత జరిగాక కూడా నా చెయ్యి నన్నే కాపాడబోయింది. దాన్ని చింపేసి, వెనక్కి వచ్చి మళ్ళీ రాశాను. "ఆ ఆచారం లేదు. నాకెవరూ చెప్పలేదు. వ్యాసం అచ్చు కావాలని నేనే కల్పించాను." మూడు వాక్యాలు. సూపరింటెండెంటుకూ అదే పంపాను.

మా ప్రొఫెసరుగారు పిలిచి తలుపు వేశారు. "నిజంగా కల్పించావా?" అన్నారు. అవునన్నాను. ఈ శాస్త్రంలో ఒకటే పెద్ద పాపం ఉందని ఆయన మాకు పాఠం చెప్పిన మొదటి రోజే నేర్పారు, అది ఇదే, లేనిది కల్పించడం. ఆ రోజు నడవాలో నాతో కలిపిన చేతిని ఆయన జేబులో పెట్టుకున్నారు. నిజం చెప్పాలని గొంతుదాకా వచ్చింది. మింగేశాను.

పత్రికలో ప్రకటన వేస్తారు, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటారు. ఆ ప్రకటనలో నా పేరు మాత్రం అలాగే ఉంటుంది, ఎప్పటికీ, ఎవరు వెతికినా కనిపించేలా. నా దగ్గర చదివే పిల్లలు నన్ను చూసి పక్క మెట్లెక్కి పోతున్నారు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి.

చిత్రమేమిటంటే, అందరూ నన్ను చూసే చూపు నాకు తగినదే, కారణం మాత్రం వేరు. ఎవరైనా ఛీ అంటే లోపల ఎక్కడో తేలిక పడుతున్నాను. ఆ తేలిక పడినందుకు మళ్ళీ సిగ్గేస్తోంది.

పిన్ని సంగతి రాయి. కొన్నాళ్ళు మీ ఇంటికి రానా? నీకు ఇబ్బంది అయితే వద్దు.

నీ
ఆడపడుచు


ఇల్లు
జనవరి

చెల్లీ,

పిన్ని పనిలోకి వచ్చేసింది. పింఛనుకు ఢోకా లేదన్నారు. బొత్తాల మూలలో దుమ్ము దులుపుకుని కూర్చుంది. నీ గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

నీ కాగితం వచ్చిన రోజు సూపరింటెండెంటు మమ్మల్ని మళ్ళీ పైకి పిలిచాడు. చదివి వినిపించాడు. "ఇలాంటి మనిషిని మీ మధ్య ఎలా పెట్టుకున్నారు?" అన్నాడు. అప్పుడు మేము తిట్టాలి కదా. తిట్టకపోతే అనుమానం వస్తుంది. ఆవిరి అక్క మొదలుపెట్టింది, తలా ఒక మాట అన్నారు. నీ ఇంటి మనిషిని కదా, నేను గట్టిగా అనకపోతే బాగుండదని నేనూ అందుకున్నాను. దొంగ అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందన్నాను. పేరు కోసం మమ్మల్ని అమ్ముకుందన్నాను. పక్కనే ఉన్న మా సూపర్వైజరు ఆపమని చెయ్యి ఎత్తినా ఆగలేదు. సగం దారిలో తెలిసింది, అది నటన కాదని. అంటున్నకొద్దీ గుండె బరువు దిగుతోంది. అందులో కొన్ని మాటలు నన్ను నేను అనుకోవలసినవి కూడా. అన్నీ నీ మీదే వేసేశాను. ఆ తర్వాత సూపర్వైజరు మంచినీళ్ళు తెప్పించి, "ఇంటి మనిషే ఇలా చేస్తే ఏం చేస్తామమ్మా" అని నన్ను ఓదార్చాడు. నేనా నీళ్ళు తాగాను.

రా. ముందు గది సర్దిపెట్టాను. లాండ్రీ వైపు మాత్రం రాకు.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి, గుమ్మంలో నిలబడి తెలుసుకోకూడదు. మీ అన్నయ్య నీతో మాట్లాడడు. సంగతి ఎలా తెలిసిందో షాపులో ఎవరో అడిగారట, "మీ చెల్లెలు అంతా కల్పించి రాసిందటగా" అని. ఆ రోజు తొందరగా ఇంటికి వచ్చేశాడు. షాపుకు తీసుకెళ్ళి అద్దాల బీరువా మీద పెట్టుకున్న నీ పత్రికను వెంట తెచ్చి పాత కాగితాల్లో వేశాడు. భోజనం ముందు కూర్చుని, "నేనే ఎత్తుకుని పెంచాను, అబద్ధమాడటం ఎక్కడ నేర్చుకుంది?" అన్నాడు. అన్నం ముట్టలేదు.

మీ చెల్లెలు అబద్ధమాడలేదని ఆయనతో రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి ఆయన చొక్కాలు మడతపెడుతూ నోటిదాకా వచ్చింది కూడా. ఇంట్లో ఒక మాట అన్నందుకే ఇదంతా అయింది. అందుకని ఊరుకున్నాను. ఆయన నిన్ను అసహ్యించుకుంటూ ఉంటే పక్కనే కూర్చుని ఊరుకుంటున్నాను, ఇకముందు కూడా ఊరుకుంటాను.

నువ్వు వచ్చాక ఆయన ఏమన్నా సరే, నువ్వూ చెప్పకు.

వదిన